ఇస్తాంబుల్ నడిబొడ్డున మంచి భోజనం చేయడం ఎలా

తక్సిమ్ మైదానం దగ్గర మొదలై ట్యునెల్ స్టేషన్ దాకా సాగే ఇస్తిక్లాల్ వీధి పొడవు సుమారు 1.4 కిలోమీటర్లు. నడుమ పాతకాలపు ఎర్ర ట్రామ్ ఒకటి గంట కొట్టుకుంటూ, జనాన్ని పక్కకు జరుపుకుంటూ పోతుంటుంది. పక్క సందుల్లో ఎటు తిరిగినా హోటలే. సందు మొదట్లోనే మెనూ కార్డు పట్టుకున్న కుర్రాడు మన మొహం చూసి "ఇండియా? షారుఖ్ ఖాన్!" అంటూ దారికి అడ్డం వస్తాడు. ఆకలి మీదున్నవాళ్లు ఆ పిలుపుకి లొంగితే ఫొటోల మెనూ, ఎండిపోయిన కబాబు, అనుకోని బిల్లు, మూడూ దాదాపు ఖాయం.

దీన్ని తప్పించుకోవడానికి తెలియాల్సింది ఒక్కటే. టర్కీలో తిండి బాగుండే చోట ఒక్కో కొట్టు ఒక్కో పని చేస్తుంది. కబాబు కాల్చేవాడు చేపల జోలికి పోడు. సూప్ కొట్టు వేరు, పాల మిఠాయిల కొట్టు వేరు, బక్లావా కొట్టు వేరు. అన్నీ మా దగ్గరే దొరుకుతాయనే హోటల్ అక్కడ కూడా "టిఫిన్స్, మీల్స్, చైనీస్, తందూరీ" అని బోర్డు పెట్టుకున్న హైవే హోటల్ లాంటిదే. సుల్తానహ్మెత్‌లో 1920 నుంచి నడుస్తున్న కోఫ్తె (కాల్చిన ఖీమా ముద్దలు) హోటల్ ఉంది చూడండి, అక్కడ మెనూ ఒక్క చూపులో అయిపోతుంది. కోఫ్తె, బీన్స్ సలాడ్, రవ్వ హల్వా, ఇంకో నాలుగైదు. వందేళ్లుగా జనం వాటికోసమే వరస కడుతున్నారు.

కాబట్టి "ఏం తిందాం" అని కాకుండా "ఏ రకం కొట్టుకి పోదాం" అని మొదలుపెట్టండి.

1. కొట్టు రకం తేల్చుకోండి

మధ్యాహ్నం అయితే లోకంతా. చుట్టుపక్కల పనిచేసుకునేవాళ్లు తినే చోటు ఇది. వండినవన్నీ వేడి ట్రేల్లో అద్దం వెనక పెట్టి ఉంటాయి. చూసి, వేలు పెట్టి చూపించి తీసుకోవడమే. భాష రానివాళ్లకి ఇంతకంటే సుఖం లేదు. ఇస్తిక్లాల్ పక్క సందులో 1888 నుంచి ఉన్న హజీ అబ్దుల్లా ఈ కోవలో కాస్త ఖరీదైనది, మద్యం పెట్టరు. మామూలు లోకంతాలు పేరు లేకుండా సందుసందుకీ ఉంటాయి.

సాయంత్రం మాంసం తినాలనిపిస్తే ఒజాక్‌బాషి. అంటే బొగ్గుల పొయ్యి చుట్టూ కూర్చుని, కాలుతుండగా తినే చోటు.

నలుగురు కలిసి రాత్రి మూడు గంటల పాటు కబుర్లు చెప్పుకోవాలంటే మెయ్‌హానె. చిన్న చిన్న పళ్లేల్లో మెజెలనే నంజుళ్లు, సోంపు వాసన మద్యం రకి, చేప. 1876లో కట్టిన చిచెక్ పసాజీ అనే గాజు కప్పు భవనం, దాని వెనక నెవిజాదె వీధి వీటికి పెట్టింది పేరు. చిచెక్ పసాజీ చూడ్డానికి అందంగా ఉంటుంది గానీ, తినడానికి నేనైతే వెనక వీధికే పోతాను.

ఇవి కాక పిదె అనే పడవ ఆకారపు రొట్టె కాల్చే కొట్టు, రాత్రంతా తెరిచి ఉండే చోర్బా (సూప్) కొట్టు, తక్సిమ్ మూలన టమాటా సాస్ పట్టించిన తడి హాంబర్గర్లు అమ్మే బంకులు. ఒక్కరే ఉండి, పావుగంటలో పని కానివ్వాలంటే వీటికి మించినవి లేవు.

2. వేళ చూసుకుని వెళ్లండి

లోకంతాకి పదకొండున్నర, పన్నెండు మధ్య వెళితే ట్రేలన్నీ నిండుగా ఉంటాయి. ఒంటిగంటకి ఆఫీసుల వాళ్లు దిగుతారు. మూడు దాటితే మంచివన్నీ అయిపోయి అడుగు మిగులుతుంది. చాలావాటికి ఆదివారం సెలవు.

మెయ్‌హానెకి శుక్ర, శనివారాల్లో ముందే ఫోన్ చేసి చెప్పుకోవాలి. మీరు దిగిన హోటల్ రిసెప్షన్‌లో అడిగితే వాళ్లే చేసిపెడతారు. రంజాన్ నెలలో వెళితే ఒక సంగతి: నగరం మధ్యలో పగలు కూడా హోటళ్లు తెరిచే ఉంటాయి గానీ, సూర్యాస్తమయానికి ముందు గంట నుంచీ ప్రతి బల్లా ఇఫ్తార్‌కి నిండిపోతుంది. ఆ పూట అయితే పెందలాడే తినేయండి, లేదా తొమ్మిది దాటనివ్వండి.

వెళ్లడానికి ఎం2 మెట్రోలో తక్సిమ్ గానీ షిష్‌హానె గానీ దిగాలి. పాత నగరం వైపు నుంచి వచ్చేవాళ్లు టీ1 ట్రామ్‌లో కరాక్యోయ్ వచ్చి, అక్కడి నుంచి ట్యునెల్ ఎక్కితే కొండ ఎక్కే బాధ తప్పుతుంది. 1875లో మొదలైన ఈ భూగర్భ రైలు ప్రయాణం కూర్చునేలోపే అయిపోతుంది.

3. గుమ్మం దగ్గర ఒక్క నిమిషం ఆగండి

ధరల పట్టిక గుమ్మం దగ్గర పెట్టాలన్నది అక్కడి నిబంధన. పట్టిక లేదు, లేదా ధరల గడి ఖాళీగా ఉంది అంటే కదిలిపొండి. బ్లాగుల్లో రెండేళ్ల కిందట రాసిన ధరల్ని నమ్ముకుని బడ్జెట్ వేసుకోవద్దు. అక్కడ ద్రవ్యోల్బణం ధాటికి ఆ అంకెలు ఎందుకూ పనికిరావు. ఆ పూట గుమ్మం మీద ఉన్నదే ధర.

తర్వాత లోపల ఎవరు కూర్చున్నారో చూడండి. టర్కిష్ మాట్లాడే కుటుంబాలు, ఒంటరిగా తింటున్న ముసలాయన, యూనిఫాంలో ఉన్న మునిసిపాలిటీ పనివాళ్లు ఉంటే నిశ్చింతగా లోపలికి నడవండి. లోపల పొగతాగడం 2009 నుంచి నిషేధం, కాబట్టి సిగరెట్ కంపు పడనివాళ్లు లోపల కూర్చోవాలి. బయటి బల్లల దగ్గర మాత్రం అందరూ కాలుస్తూనే ఉంటారు.

4. లోకంతాలో తినే పద్ధతి

నేరుగా బల్ల దగ్గరికి పోయి కూర్చోకండి. ముందు అద్దం దగ్గరికి వెళ్లాలి. వెనక తెల్లటోపీ పెద్దాయన గరిటె పట్టుకుని నిలబడి ఉంటాడు. "కొలాయ్ గెల్సిన్" అనండి. పనిలో ఉన్నవాళ్లని పలకరించే మాట అది, పని సులువుగా సాగాలని. ఆ ఒక్క మాటకి గరిటె ఇంకాస్త లోతుకి దిగుతుంది.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన మాట "అజ్", అంటే కొంచెం. "అజ్ పిలావ్, అజ్ కురు" అంటే సగం పళ్లెం అన్నం, సగం తెల్ల చిక్కుడు గింజల కూర. అలా మూడు నాలుగు రకాలు సగం సగం తీసుకోవచ్చు, డబ్బులూ ఆ లెక్కనే. పూర్తి పళ్లేలు తీసుకుని రెండింటితోనే కడుపు నింపేసుకోవడం వృథా. ఒకవేళ ఆకలి దంచేస్తుంటే "బిర్ బుచుక్" అనండి, ఒకటిన్నర పళ్లెం వస్తుంది.

అన్నం మన అన్నంలా ఉండదు. వెన్న వేసి వార్చకుండా వండుతారు. మధ్యలో వేయించిన చిన్న సేమ్యా ముక్కలు కనిపిస్తాయి. మనలా కూర కలిపి ముద్ద చేయరు, చెంచాతో అదో ముద్ద ఇదో ముద్ద. రొట్టె బుట్ట బల్ల మీదే ఉంటుంది, దాంతో పులుసు అద్దుకుని తినడం అక్కడ మర్యాదే. కుళాయి నీళ్లు ఎవరూ తాగరు, సీసా నీళ్లకి బిల్లులో డబ్బులు పడతాయి.

కారం గురించి. టర్కిష్ వంటలో ఉప్పు, టమాటా, వెన్న పైచేయి. మన నాలుకకి చప్పగా తోస్తుంది. బల్ల మీద ఎర్రటి రేకుల కారం, పుల్ బిబెర్, గిన్నెలో ఉంటుంది. అదొక్కటే చాలదు. "అజి బిబెర్ వర్ మి" అని అడగండి. ఉప్పునీళ్లలో ఊరిన సన్న మిరపకాయలు ఒక చిన్న గిన్నెలో తెచ్చిపెడతారు. పప్పు సూప్‌లో నిమ్మకాయ పిండి, ఈ మిరపకాయ కొరుక్కుంటే ఆ పూట గడిచిపోయినట్టే.

5. శాకాహారులూ, బీఫ్ తిననివాళ్లూ

ఈ భాగం జాగ్రత్తగా చదవండి, మనవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది ఇక్కడే.

చూపుకి శాకాహారంలా ఉన్నవన్నీ శాకాహారం కావు. వంకాయనే తీసుకోండి. చీరి, మధ్యలో కూరిన వంకాయలు రెండు రకాలుంటాయి. ఒకటి ఇమామ్ బయిల్ది, లోపల ఉల్లిపాయ, టమాటా, వెల్లుల్లి. రెండోది కర్నియారిక్, లోపల ఖీమా. పైనుంచి చూస్తే తేడా తెలియదు. ద్రాక్షాకుల చుట్టలూ అంతే, అన్నం కూరినవీ ఉంటాయి, మాంసం కూరినవీ ఉంటాయి. తెల్ల చిక్కుళ్ల కూరలో ఒక్కోసారి మాంసం ముక్కలు పడతాయి. పప్పు సూప్‌ని ఎముకల నీళ్లతోనూ, పిలావ్‌ని కోడి నీళ్లతోనూ వండే చోట్లున్నాయి.

అడగాల్సిన మాటలు ఇవి. "ఎత్‌సిజ్", మాంసం లేనిది. "ఎత్ సుయు వర్ మి", మాంసం నీళ్లు పడ్డాయా. "తవూక్ సుయు వర్ మి", కోడి నీళ్లు పడ్డాయా. జవాబు నోటితో రాకపోవచ్చు. కనుబొమలు పైకెత్తి, తల కాస్త వెనక్కి వంచి, నాలుకతో "త్చ్" అంటే లేదు అని అర్థం. మనం అలవాటుకొద్దీ తల అడ్డంగా ఊపుతూ సరే అంటే వాళ్లు అయోమయపడతారు. "ఎవెత్" అంటే అవును, "హాయిర్" అంటే కాదు, నోటితో చెప్పేయడం మేలు.

ఇన్ని అడగలేమనుకుంటే తేలిక దారి ఒకటుంది. లోకంతాల్లో ఆలివ్ నూనెతో వండి చల్లార్చి పెట్టే కూరల వరస విడిగా ఉంటుంది, జెయ్‌తిన్‌యాలి అంటారు. బీన్స్, ఆర్టిచోక్, ద్రాక్షాకులు, ఇమామ్ బయిల్ది అన్నీ అందులోవే. చల్లగా తినడం మనకి కొత్త, రెండు ముద్దలయ్యాక అలవాటు పడతారు. వేడివేడిగానే కావాలంటే చీజ్ పిదె, పెనం మీద కాల్చిన బంగాళాదుంప మడత రొట్టె గ్యోజ్‌లెమె. ఇంకొకటి, చాలామందికి తెలియనిది: చీ కోఫ్తె. ఒకప్పుడు పచ్చిమాంసంతో చేసేవాళ్లు. ఇప్పుడు గొలుసు కొట్లలో అమ్మేది గోధుమ రవ్వ, టమాటా ముద్ద, ఎండుమిరప వేసి పిసికిన మాంసం లేని రకం. లెట్యూస్ ఆకులో చుట్టి, దానిమ్మ పులుసు పోసి ఇస్తారు. కారంగా, పుల్లగా, మన నాలుకకి అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఇదే.

బీఫ్ తిననివాళ్లు "దనా" అన్న మాట గుర్తుపెట్టుకోండి, దూడ మాంసం, అంటే బీఫే. "కుజూ" అంటే గొర్రెపిల్ల, "తవూక్" అంటే కోడి. ఉత్త "ఎత్" అని రాసి ఉంటే ఏదైనా కావచ్చు. కోఫ్తె, ఎత్ దోనెర్, సుజుక్ సాసేజ్, తడి హాంబర్గర్, వీటిల్లో సాధారణంగా బీఫ్ ఉంటుంది. అదానా కబాబు సంప్రదాయం ప్రకారం గొర్రెమాంసమే గానీ కలిపేవాళ్లూ ఉన్నారు, అడగాల్సిందే. "దనా వర్ మి, సదెజె కుజూ" (బీఫ్ ఉందా, గొర్రె ఒక్కటే కావాలి) అంటే సరిపోతుంది. హలాల్ సంగతి చూసుకునేవాళ్లకి ఇక్కడ పెద్దగా వెతుకులాట ఉండదు.

6. పొయ్యి ముందు కూర్చుంటే

ఒజాక్‌బాషిలో బల్ల దగ్గర కాకుండా పొయ్యి చుట్టూ ఉన్న గట్టు దగ్గర చోటు అడగండి. తలమీద పెద్ద రాగి పొగగొట్టం వేలాడుతుంటుంది. ఎంత పీల్చినా బట్టలకి వాసన పడుతుంది, కాబట్టి మంచి చొక్కా వేసుకుని పోకండి.

అదానా కబాబు చేసే తీరు దగ్గరనుంచి చూడాల్సిందే. గొర్రెమాంసం, తోక కొవ్వు మెషిన్‌లో వేయకుండా అర్ధచంద్రాకారపు పెద్ద కత్తితో తరుగుతారు. ఉప్పు, ఎర్ర మిరప తప్ప పెద్దగా మసాలా ఉండదు. వేలంత వెడల్పు ఇనప చువ్వ తీసుకుని, చేయి నీళ్లలో తడుపుకుని, ముద్దని చువ్వ పొడవునా సాగదీస్తూ వేళ్లతో నొక్కుతాడు. కాలాక మీద కనిపించే ఆ గాడులు వేళ్ల అచ్చులే. కొవ్వు కరిగి బొగ్గుల మీద చుక్కలు పడగానే, పల్చటి లవాష్ రొట్టెతో చువ్వని చుట్టి అద్దుతాడు. రొట్టె ఆ కొవ్వంతా పీల్చుకుంటుంది. కబాబు ముందు రొట్టె చల్లారకుండా తినేయండి. కారం వద్దనుకునే పిల్లలకి ఉర్ఫా కబాబు చెప్పండి, అదే పద్ధతి, మిరప తక్కువ.

అన్నీ ఒకేసారి ఆర్డర్ చేయడం ఇక్కడ పనికిరాదు. ఒక చువ్వ తిన్నాక ఇంకోటి చెప్పాలి. ముందు కాలేయం, తర్వాత అదానా, ఆ తర్వాత ఓపికుంటే చిన్న ముక్కల చోప్ షిష్. కాల్చిన ఉల్లిపాయ, టమాటా, పొడవాటి పచ్చిమిరప పక్కనే పడతాయి. ఆ మిరప ఒక్కోటి చప్పగా ఉంటుంది, ఒక్కోటి మన గుంటూరోళ్లకి కూడా కన్నీళ్లు పెట్టిస్తుంది.

కూర్చోగానే సలాడ్, పచ్చడిలాంటి టమాటా ఎజ్మె, ఉబ్బిన రొట్టె అడక్కుండానే వస్తాయి. మంచి కబాబు కొట్లలో ఇవి మర్యాదకి పెట్టేవి, డబ్బులుండవు. పర్యాటకుల వీధుల్లో మాత్రం ఇలాగే వచ్చిన పళ్లేలు బిల్లులో దర్శనమిస్తాయి. ముట్టుకోబోయే ముందు "ఇక్రామ్ మి" అనండి. అవునంటే ఉచితం. తడుముకుంటే వెనక్కి పంపేయండి, ఎవరూ ఏమీ అనుకోరు.

తాగడానికి ఆయ్‌రన్. ఉప్పు వేసిన చిక్కటి మజ్జిగే. "అచిక్ ఆయ్‌రన్" అంటే డబ్బా సరుకు కాకుండా రాగి గిన్నెలో నురగతో పోసిచ్చేది. షల్గామ్ అని ఊదారంగు రసం ఒకటుంటుంది, నల్ల క్యారెట్, టర్నిప్ పులియబెట్టింది. అదానా వాళ్లు కబాబుతో ఇది లేకపోతే తినరు. మొదటి గుక్కకి మొహం చిట్లించనివాళ్లు తక్కువ, అయినా ఒకసారి రుచి చూడండి.

7. మెయ్‌హానెలో మెజెలు, చేప

వెయిటర్ పెద్ద పళ్లెంలో ఇరవై చిన్న గిన్నెలు మోసుకొచ్చి చూపిస్తాడు. ఇద్దరికి నాలుగైదు చాలు. చిక్కటి పెరుగులో వెల్లుల్లి వేసిన హైదరి, కాల్చి నలిపిన వంకాయ, చిక్కుడు గింజల ముద్ద ఫావా, చిక్కటి పెరుగు మీద వేయించిన ఎండుమిరపలు పోసిన అతోమ్. ఈ చివరిది మనవాళ్లు వదలకూడదు. వేడి మెజెలు తర్వాత, చేప ఆఖరున.

చేపకి మెనూలో ధర ఉండకపోతే కిలో లెక్క. వండకముందే చేపని చూపించమనండి, తూకం వేయించండి, మొత్తం ఎంతో అంకె రాయించండి. మొహమాటపడితే నష్టం మనకే. శరదృతువులో లుఫెర్, పలాముత్, చలికాలంలో హమ్‌సి బాగుంటాయి.

రకి తాగేవాళ్లు నీళ్లు కలుపుకుని నెమ్మదిగా తాగాలి, నీళ్లు పడగానే పాలలా తెల్లబడుతుంది. తాగనివాళ్లు అన్నీ కలిపి ఒకే ధరకి పెట్టే "ఫిక్స్ మెనూ" జోలికి పోవద్దు. చాలాచోట్ల అందులో మద్యం ధర ముందే కలిసి ఉంటుంది. వాయిద్యాలవాళ్లు మీ బల్ల దగ్గరికి వచ్చి పాడితే డబ్బులివ్వాలి. అక్కర్లేదనుకుంటే మొదటి చరణంలోనే చేయి గుండె మీద పెట్టుకుని చిరునవ్వుతో వద్దనండి.

వీధిలో పరిచయమైన పెద్దమనిషి "నేనూ కొత్తే, ఒక డ్రింక్ తీసుకుందాం రా" అని తనకి తెలిసిన బార్‌కి పిలిస్తే కదలకండి. తక్సిమ్‌లో ఒంటరి మగవాళ్ల మీద ఏళ్ల తరబడి నడుస్తున్న మోసం అది. లోపల ఒక గ్లాసుకి వేలల్లో బిల్లు వేసి, తలుపు దగ్గర మనుషుల్ని నిలబెడతారు.

8. బిల్లు

"బకర్ మిసినిజ్" అని వెయిటర్‌ని పిలిచి, "హెసాప్ లుత్ఫెన్" అనండి. హైదరాబాదీలకి ఆ హిసాబ్ చెప్పక్కర్లేదు. బిల్లు వచ్చాక వరస వరస చదవండి. మీరు చెప్పనివి ఉన్నాయా, కువెర్ (కూర్చున్నందుకు), సెర్విస్ (వడ్డించినందుకు) అని విడి గీతలున్నాయా చూసి, ఉంటే ఎందుకు వేశారో అడగండి.

కార్డు మెషిన్ బల్ల దగ్గరికే వస్తుంది. తెర మీద లీరానా, రూపాయలా, డాలర్లా అని అడిగితే లీరాయే నొక్కండి. మిగతావి నొక్కితే మారకం రేటులో గట్టిగా తీసేసుకుంటారు. టిప్ సుమారు 10 శాతం, నగదుగా బల్ల మీద పెట్టాలి, కార్డులో కలపడం సాధారణంగా కుదరదు. లోకంతాలో అయితే చిల్లర వదిలేస్తే చాలు. లేచేటప్పుడు నిమ్మ వాసన కొలోన్యా చేతుల్లో పోస్తారు, అరచేతులు రుద్దుకోండి. వంటాయన కనిపిస్తే "ఎలినిజె సాలిక్" అనండి, మీ చేతికి ఆరోగ్యం అని దీవెన.

9. తీపికి ఇంకో కొట్టు

భోజనం చేసిన చోటే తీపి చెప్పకండి. పాల మిఠాయిలకి ముహల్లెబిజి కొట్టుకి పోవాలి. పైన గోధుమరంగుకి మాడిన సూత్లాచ్, మన పరమాన్నంలాంటిదే, చల్లగా పెడతారు. శాకాహారులు మాత్రం తవూక్ గ్యోసు అన్నదాన్ని ముట్టుకోకండి. తెల్లగా, మెత్తగా, దాల్చినచెక్క పొడి చల్లి అమాయకంగా కనిపిస్తుంది, కానీ అందులో నార తీసి నూరిన కోడి రొమ్ము మాంసం ఉంటుంది. కజాన్‌దిబి కూడా అసలు పద్ధతిలో దాంతోనే చేసేది. ఇప్పుడు చాలాచోట్ల కోడి లేకుండా చేస్తున్నారు, అయినా అడిగి తీసుకోండి.

కాఫీ చెప్పేటప్పుడే చక్కెర సంగతి చెప్పాలి, పొడితోపాటే మరగబెడతారు గనక తర్వాత కలపడం కుదరదు. సాదె అంటే చక్కెర లేనిది, ఓర్తా మధ్యస్థం, షెకెర్లి తియ్యనిది. అడుగున మడ్డి ఉంటుంది, ఆఖరి గుక్క వదిలేయాలి.

బక్లావాకి కొండ దిగి కరాక్యోయ్‌లో 1949 నుంచి ఉన్న గుల్లుయోలుకి వెళ్లండి. వరసలో నిలబడి, ముక్కల లెక్కన తీసుకుని అక్కడే తినొచ్చు. పిస్తాది ఫోర్క్‌తో తిరగేసి, అడుగు భాగం అంగిలికి తగిలేలా పెట్టుకుంటే పొరల కరకర ముందు తెలుస్తుంది, పాకం తర్వాత. ఇంటికి పట్టుకెళ్లాలంటే ప్రయాణానికని చెప్పండి, గాలి తీసి సీల్ చేసి ఇస్తారు, ఫ్రిజ్‌లో పెట్టకపోయినా కొన్నాళ్లు నిలుస్తుంది. మీగడ పెట్టిన రకాలు మాత్రం అక్కడే తినేయండి, అవి విమానం దిగేదాకా ఆగవు.